మనుషుల ప్రాణాలు పోయినప్పుడు కంపెనీని బోనులో నిలబెట్టడం ఎందుకింత కష్టం?

ప్రశ్న: గోపాలపట్నం అధ్యాపకుడు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి నిద్రలో ఉన్న ఊరి మీదికి వచ్చి పన్నెండు మందిని బలితీసుకున్న సంగతి ఇక్కడి వారందరికీ తెలుసు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ అదే ఏడాది జూలై 6న నివేదిక ఇచ్చింది. లాక్‌డౌన్ కారణంగా ఉత్పత్తి ఆగి ఉన్న రోజుల్లో ట్యాంకును తగినంత చల్లగా ఉంచలేదని, స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారి వేడెక్కకుండా ఆపే రసాయనాన్ని సరిపడా నిల్వ ఉంచుకోలేదని, ట్యాంకులోని ఉష్ణోగ్రతను అడుగుభాగంలో మాత్రమే కొలిచారని, ఊరిని హెచ్చరించడానికి ఉన్న సైరన్‌ను మోగించలేదని ఆ కమిటీ తేల్చింది. మరునాడే కంపెనీ అధిపతితో సహా పన్నెండు మందిని అరెస్టు చేశారు. ముగ్గురు ప్రభుత్వాధికారులను సస్పెండ్ చేశారు. ఆగస్టులో నిందితులకు హైకోర్టు బెయిల్ ఇచ్చింది.

ఇంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. తాము చేస్తున్న ఉత్పత్తి పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని 2019 మేలోనే, అంటే ప్రమాదానికి ఏడాది ముందే, కంపెనీ స్వయంగా అఫిడవిట్ రూపంలో ప్రభుత్వానికి రాసి ఇచ్చింది. అనుమతి లేదని కంపెనీకి తెలుసు, తీసుకున్న ప్రభుత్వానికీ తెలుసు. అయినా కర్మాగారం నడిచింది.

ప్రమాదం జరిగిన మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తాను కేసు చేపట్టి 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది. మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ఇచ్చింది. ఈ రెండూ త్వరగానే జరిగాయని ఒప్పుకుంటాను. కాని ప్రభుత్వం ఇచ్చిన ఆ కోటి ప్రజల పన్నుల డబ్బు. ట్రిబ్యునల్ కట్టించిన మొత్తం పర్యావరణ నష్టానికీ, బాధితుల పరిహారానికీ సంబంధించిన సొమ్ము. నేరం సంగతి ఏమిటి? నేరం చేసింది ఆ రాత్రి షిఫ్టులో ఉన్న ఉద్యోగులా, ఖర్చు తగ్గించుకోవాలని ఎక్కడో నిర్ణయించిన వారా, లేక కంపెనీయేనా? కంపెనీయే అయితే దానిని ముద్దాయిగా నిలబెట్టి శిక్షించడానికి మన చట్టంలో దారి ఉందా? ఉంటే అది ఎందుకు అక్కరకు రావడం లేదు? సియోల్‌లో ఉన్న మాతృసంస్థను మన న్యాయస్థానం ముందుకు రప్పించడం సాధ్యమేనా? మా ఊరి కేసు కాబట్టి దీనిని ఎత్తుకున్నాను గాని, 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో 17 మంది చనిపోయినప్పుడూ, 2025 జూన్ 30న పాశమైలారంలో నలభై మందికి పైగా కార్మికులు చనిపోయినప్పుడూ ఇదే ప్రశ్న మళ్ళీ నా ముందు నిలిచింది. అనుభవం ఉన్నవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: విజయవాడ న్యాయవాది

అధ్యాపకులు గారూ, దారి ఉంది. అయితే ఆ దారిలో మూడు అడ్డంకులు ఉన్నాయి. అవి ఎలా ఏర్పడ్డాయో తెలిస్తేనే ఈ కేసులు ఎక్కడ నీరుగారిపోతాయో అర్థమవుతుంది.

మొదటిది కంపెనీ మనసుకు సంబంధించింది. కంపెనీని జైలులో పెట్టలేము గనుక, తప్పనిసరిగా జైలుశిక్ష విధించవలసిన నేరాల్లో కంపెనీ మీద అసలు కేసే నడవదని చాలాకాలం వాదించారు. 2005లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చి, జైలుశిక్ష సాధ్యం కాకపోయినా జరిమానా వేయవచ్చని, విచారణ నుంచి కంపెనీ తప్పించుకోలేదని చెప్పింది. 2010లో ఇరిడియం, మోటొరోలా కేసులో మరో అడుగు ముందుకు వేసి, కంపెనీని నడిపించే వారి దురుద్దేశాన్ని కంపెనీ దురుద్దేశంగానే లెక్కించవచ్చని చెప్పింది. ఇక్కడివరకు బాగానే ఉంది. కాని దీని అర్థం ఏమిటంటే, పై స్థాయిలో ఉన్న ఒక వ్యక్తికి విషయం తెలుసునని ముందు రుజువు చేయాలి, ఆ తరువాతే దానిని కంపెనీకి అంటగట్టగలం. పెద్ద సంస్థలో ఒకే వ్యక్తికి అంతా తెలిసి ఉండడం అరుదు. ట్యాంకు వేడెక్కుతోందని షిఫ్టు ఇన్‌చార్జికి తెలుస్తుంది, రసాయనం నిల్వ అడుగంటిందని స్టోర్సు విభాగానికి తెలుస్తుంది, కొనుగోలు ఎందుకు వాయిదా పడిందో ఆర్థిక విభాగానికి తెలుస్తుంది. ఈ మూడు ముక్కలనూ కలిపి ‘కంపెనీకి తెలుసు’ అని చెప్పే సూత్రం మన క్రిమినల్ చట్టంలో స్థిరపడలేదు. పైగా 2015లో సునీల్ భారతి మిట్టల్ కేసులో, కంపెనీ నిందితురాలు అయినంత మాత్రాన దాని అధిపతి కూడా నిందితుడని అనుకోవడానికి వీల్లేదని, చట్టంలో అలాంటి నిబంధన ఉంటే తప్ప ఆ వ్యక్తి పాత్రకు విడిగా సాక్ష్యం ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక పౌరుడి స్వేచ్ఛ దృష్టితో చూస్తే ఆ తీర్పు సరైనదే. కాని రెండు తీర్పులనూ కలిపి చదివితే కంపెనీ వైపు నుంచి వ్యక్తిని చేరుకోలేని, వ్యక్తి వైపు నుంచి కంపెనీని చేరుకోలేని పరిస్థితి చాలా కేసుల్లో ఏర్పడుతోంది.

రెండవది కారణానికి సంబంధించింది. 1960ల మధ్యలో సుప్రీంకోర్టు కుర్బాన్ హుస్సేన్ కేసును తేల్చింది. బొంబాయిలోని ఒక రంగుల కర్మాగారంలో మంటలు లేచి ఏడుగురు కార్మికులు చనిపోయారు. మండే పదార్థాలు నిల్వ ఉన్న గదిలోనే బర్నర్లు వాడడానికి అనుమతించిన మేనేజరు నిర్లక్ష్యాన్ని కోర్టు ఒప్పుకుంది, ఆ మేరకు శిక్షనూ నిలబెట్టింది. కాని మరణాలకు తక్షణ కారణం మరొక ఉద్యోగి తొందరపాటు గనుక, మరణానికి బాధ్యుడిగా భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) 304-ఎ సెక్షన్, అంటే నిర్లక్ష్యం వల్ల సంభవించిన మరణం, కింద మేనేజరును శిక్షించలేమని చెప్పింది. ఆనాటి నుంచి పారిశ్రామిక ప్రమాదాల కేసుల్లో ఈ తీర్పును ప్రతివాద న్యాయవాదులు తప్పకుండా ముందుకు తెస్తారు. యాజమాన్యం ఏళ్ళ తరబడి పెంచిన ప్రమాదానికీ, ఆ రాత్రి ఒకరు వాల్వు తిప్పడానికీ మధ్య ఉన్న దూరమే వారికి రక్షణ అవుతుంది. నా అభిప్రాయంలో ఈ మూడింటిలో అన్నిటికన్నా అన్యాయమైనది ఇదే, ఎందుకంటే నిర్ణయం తీసుకునే వ్యక్తి ఎంత పైన ఉంటే మరణానికి అంత దూరంగా కనిపిస్తాడు.

మూడవది అభియోగం. భోపాల్ నిందితుల మీద మొదట మోపింది 304 రెండో భాగం. ప్రాణాలు పోయే అవకాశం ఉందని తెలిసీ చేసిన పనికి పదేళ్ళ వరకు శిక్ష విధించే సెక్షన్ అది. 1996లో సుప్రీంకోర్టు దానిని రెండేళ్ళ గరిష్ఠ శిక్ష ఉన్న 304-ఎ కు తగ్గించింది. ఫలితంగా దుర్ఘటన జరిగిన పాతికేళ్ళ తరువాత, 2010 జూన్ 7న భోపాల్ కోర్టు ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ళ జైలుశిక్ష విధించింది, వారికి వెంటనే బెయిల్ కూడా దొరికింది. యూనియన్ కార్బైడ్ ఇండియాకు పడిన జరిమానా ఐదు లక్షల రూపాయలు. విశాఖ కేసులో గోపాలపట్నం పోలీసులు 304 రెండో భాగాన్నే నమోదు చేశారు. కాని ఎఫ్‌ఐఆర్‌లో ఆ సెక్షన్ ఉండడానికీ, విచారణ ముగిసేవరకు అది నిలవడానికీ చాలా తేడా ఉంది. ఐపీసీ స్థానంలో 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత నిర్లక్ష్యం వల్ల సంభవించే మరణానికి శిక్షను ఐదేళ్ళకు పెంచింది. అది అంతకుముందు జరిగిన నేరాలకు వర్తించదు.

మాతృసంస్థ గురించి అడిగారు. ఆ విషయంలోనూ భోపాల్ అనుభవమే మన ముందున్నది. అమెరికాలోని యూనియన్ కార్బైడ్ కార్పొరేషన్ భోపాల్ క్రిమినల్ కోర్టుకు ఎన్నడూ హాజరు కాలేదు. 1992లో కోర్టు దానిని పరారీలో ఉన్న నిందితురాలిగా ప్రకటించి, భారతీయ కంపెనీలో దానికున్న వాటాలను జప్తు చేసింది. 1994లో ఆసుపత్రి నిర్మాణానికి నిధులు సమకూర్చాలనే కారణంతో ఆ వాటాల అమ్మకానికి సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చింది. ఆసుపత్రి వచ్చింది, అందుకు సంతోషమే, కాని మన దేశంలో ఆ సంస్థకున్న ఆస్తి కూడా దానితోనే పోయింది. 2001లో డౌ కెమికల్ ఆ సంస్థను కొని, పాత నేరాలతో తమకు సంబంధం లేదంది. కాబట్టి విశాఖ ప్రమాదం తరువాత 2020 మేలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కర్మాగారాన్ని సీజ్ చేయించి, అనుమతి లేకుండా డైరెక్టర్లు దేశం విడిచి వెళ్ళరాదని ఆదేశించడం చిన్న విషయం కాదు. భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కార్పొరేషన్ అధిపతి ఆండర్సన్‌ను అరెస్టు చేసి, బెయిల్ ఇచ్చి, దేశం దాటనిచ్చిన తరువాత అతను 2014లో చనిపోయేవరకు తిరిగి రాలేదు.

జవాబు: కర్మాగారాల శాఖ విశ్రాంత ఉద్యోగి

న్యాయవాది గారు చెప్పిన మూడు అడ్డంకులూ ఐపీసీకి సంబంధించినవి. నేను సర్వీసంతా అమలు చేసింది 1948 కర్మాగారాల చట్టం. 2025 నవంబరులో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ దాని స్థానంలోకి వచ్చేవరకు అమల్లో ఉన్నది అదే. భోపాల్ తరువాత, 1987లో ఆ చట్టాన్ని సవరించి, ఈ ‘ఎవరికి తెలుసు’ అనే చిక్కును పార్లమెంటు చాలావరకు విప్పింది. ఆ సంగతి బయట పెద్దగా ఎవరికీ తెలియదు.

ఆ సవరణ ప్రకారం కంపెనీకి చెందిన కర్మాగారంలో ‘ఆక్యుపయర్’గా, అంటే కర్మాగారానికి చట్టం ముందు బాధ్యత వహించే వ్యక్తిగా, డైరెక్టర్లలో ఒకరే ఉండాలి. అంతకుముందు కంపెనీలు ఒక ఉద్యోగిని ఆక్యుపయర్‌గా చూపించి, కేసు వస్తే అతన్నే కోర్టుకు పంపేవి. దీని మీద కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. 1996లో జె.కె. ఇండస్ట్రీస్ కేసులో కోర్టు ఆ నిబంధనను సమర్థించింది. డైరెక్టరుకు విషయం తెలుసా, తెలియదా అన్న ప్రశ్న ఇక్కడ లేదు. ఉల్లంఘన జరిగితే ఆక్యుపయరూ మేనేజరూ బాధ్యులే. తాను తగిన జాగ్రత్త తీసుకున్నానని, అసలు తప్పు చేసింది ఫలానా వ్యక్తి అని రుజువు చేసుకునే భారం ఆ డైరెక్టరు మీదే ఉంటుంది. ప్రమాదకర ప్రక్రియలు జరిగే కర్మాగారాల్లో ఉల్లంఘనకు ఏడేళ్ళ వరకు శిక్ష వేసే 96-ఎ సెక్షన్ కూడా అప్పుడే వచ్చింది.

ఇంత బలమైన చట్టం ఉండి కూడా ఫలితం ఎందుకు లేదని మీరు అడుగుతారు. రెండు చిన్న సెక్షన్లు దానికి కారణం. 105వ సెక్షన్ ప్రకారం ఇన్‌స్పెక్టరు స్వయంగా గాని, ఆయన రాతపూర్వక అనుమతితో గాని ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసును స్వీకరించేది. బాధితుడు గాని, కార్మిక సంఘం గాని నేరుగా వెళ్ళడానికి వీలుండేది కాదు. 106వ సెక్షన్ ప్రకారం నేరం ఇన్‌స్పెక్టరు దృష్టికి వచ్చిన మూడు నెలల్లో ఆ ఫిర్యాదు దాఖలు కావలసి ఉండేది. మూడు నెలలు గడిస్తే ఎంతమంది చనిపోయినా ఆ చట్టం కింద కేసు చెల్లేది కాదు. పేలుడు జరిగిన చోట సాంకేతిక నివేదిక రావడానికే కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. నివేదిక వచ్చేవరకు ఆగితే గడువు పోయేది, ఆగకపోతే సాక్ష్యం బలహీనంగా ఉండేది. ఒక బాయిలరు ప్రమాదంలో (కర్మాగారం పేరు చెప్పడం భావ్యం కాదు) పైవారి నుంచి ఫైలు తిరిగి వచ్చేసరికి గడువు దాటిపోయి, మేము కష్టపడి సేకరించిన తనిఖీ రికార్డు ఎవరికీ ఉపయోగపడకుండా పోయింది. చనిపోయిన కార్మికుడి తండ్రి మా కార్యాలయానికి వచ్చి, కేసు ఏమైందని అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది. గడువులోపల వేసిన కేసుల్లో సైతం నేరం ఒప్పుకొని జరిమానా కట్టి వెళ్ళిపోవడమే నేను ఎక్కువగా చూశాను. కంపెనీకి అది ఒక రోజు ఖర్చు. కోర్టు దృష్టిలో కేసు ముగిసింది. అసలు ట్యాంకును రాత్రిపూట చల్లబరచవద్దని ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అన్న ప్రశ్న ఎవరూ అడగకుండానే ఫైలు మూతపడుతుంది.

అధ్యాపకులు గారు అఫిడవిట్ సంగతి రాశారు. దాని గురించి మా పక్షాన ఉన్న లోపాన్ని కూడా స్పష్టంగా చెప్పాలి. అనుమతి లేదని తెలిసీ నడవనిచ్చిన ప్రభుత్వ యంత్రాంగం, తరువాత అదే కంపెనీ మీద గట్టిగా కేసు నడపడం కష్టం, ఎందుకంటే విచారణలో మొదటి ప్రశ్న తన మీదికే వస్తుంది. పర్యావరణ అనుమతి ఒక శాఖది, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి మరొక శాఖది, భద్రత మా శాఖది. ప్రతి శాఖా తన కాగితం వరకే చూస్తుంది. ముగ్గురు అధికారులను సస్పెండ్ చేయడం వల్ల ఆ ఏర్పాటు మారదు.

ఇంకొక మాట. పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ళ వరకు జైలుశిక్ష ఉండేది. 2023లో వచ్చిన జన్ విశ్వాస్ చట్టం దాని స్థానంలో పదివేల నుంచి పదిహేను లక్షల రూపాయల వరకు జరిమానాను పెట్టింది, అది 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. చిన్న చిన్న కాగితపు తప్పులకు జైలు అక్కరలేదన్న వాదనలో న్యాయం ఉంది. కాని వేలకోట్ల వ్యాపారం చేసే రసాయన పరిశ్రమకు పదిహేను లక్షలు భయం కలిగించే మొత్తం కాదని, కర్మాగారాల్లో ముప్పై ఏళ్ళకు పైగా తిరిగిన వ్యక్తిగా నేను నమ్మకంగా చెప్పగలను.

జవాబు: హైదరాబాద్ చార్టర్డ్ అకౌంటెంట్

ప్రాణనష్టం లేని కేసు గనుక పోల్చడానికి కొంత సంకోచిస్తూనే సత్యం కంప్యూటర్స్ సంగతి ఇక్కడ పెడుతున్నాను. పై ఇద్దరూ చెప్పిన అడ్డంకులేవీ లేని కేసు అది. అప్పుడు కూడా ఏమి జరిగిందో చూస్తే మిగిలిన కేసుల పరిస్థితి అర్థమవుతుంది.

2009 జనవరి 7న సంస్థ చైర్మన్ బి. రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకున్నారు. ఎవరికి తెలుసు అన్న ప్రశ్నకు జవాబు ఆ లేఖలోనే ఉంది. సాక్ష్యమంతా కాగితాల మీద, కంప్యూటర్లలో ఉంది. అయినా హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ళ శిక్ష విధించడానికి 2015 ఏప్రిల్ 9 దాకా పట్టింది. నెల తిరిగేసరికి పై కోర్టు శిక్షను నిలిపివేసి బెయిల్ ఇచ్చింది. చైర్మన్ స్వయంగా ఒప్పుకున్న నేరానికే ఇంత కాలం పడితే, ఎవరూ ఏదీ ఒప్పుకోని గ్యాసు లీకు కేసుకు ఎంత కాలం పడుతుందో ఊహించవచ్చు.

నా వృత్తి దృష్ట్యా నన్ను ఎక్కువగా బాధించినది వాటాదారుల పరిస్థితి. అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజీలో సత్యం వాటాలు కొన్నవారు అక్కడి కోర్టులో ఉమ్మడి దావా వేసి కంపెనీ నుంచి 12.5 కోట్ల డాలర్లు, ఆడిట్ సంస్థ నుంచి 2.55 కోట్ల డాలర్లు పరిష్కారంగా రాబట్టుకున్నారు. అదే కంపెనీలో, అదే అబద్ధపు లెక్కలను నమ్మి, పదవీ విరమణ సొమ్ము పెట్టిన గుంటూరు, భీమవరం ఉపాధ్యాయులకు అలాంటి దావా వేసే సౌకర్యం అప్పటికి మన కంపెనీల చట్టంలో లేదు. 2013 చట్టంలో 245వ సెక్షన్‌గా అది వచ్చింది. ఆడిటర్ల విషయంలో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2018లో ప్రైస్ వాటర్‌హౌస్ మీద రెండేళ్ళ నిషేధం విధిస్తే, 2019లో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ నిషేధాన్ని కొట్టివేసి, 13 కోట్ల చిల్లర ఫీజు వాపసును మాత్రం నిలబెట్టింది.

అయితే సత్యం కేసులో సరిగ్గా జరిగిన పని ఒకటి ఉంది. దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. కంపెనీలను శిక్షిస్తే వేలాదిమంది ఉద్యోగాలు పోతాయని ప్రతిసారీ వినిపించే వాదనకు అది నేరుగా జవాబు. కేంద్ర ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే పాత బోర్డును తొలగించి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్ వంటి వారితో కొత్త బోర్డును వేసింది. ఏప్రిల్‌లో వేలంలో టెక్ మహీంద్రా సంస్థను తీసుకుంది. ఉద్యోగులు చాలావరకు నిలిచారు, పాత యాజమాన్యం చేతిలోంచి అధికారం పోయింది. అంటే కంపెనీని మూసివేయడం ఒక్కటే శిక్ష కాదు. దాని పగ్గాలను తప్పుచేసిన వారి చేతుల్లోంచి తీసివేయడానికి చట్టంలో అవకాశం ఉంది. పెట్టుబడిదారుల డబ్బు పోయినప్పుడు రోజుల్లో వాడిన ఆ అధికారాన్ని, మనుషుల ప్రాణాలు పోయినప్పుడు ఎందుకు వాడరు అన్నది నా ప్రశ్న.

తిరుగు జవాబు: గోపాలపట్నం అధ్యాపకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. విశ్రాంత అధికారి గారు చెప్పిన మూడు నెలల గడువు సంగతి నాకు తెలియదు. ఇక్కడి బాధితుల్లో ఎవరికీ తెలిసి ఉంటుందని కూడా అనుకోను. చార్టర్డ్ అకౌంటెంటు గారి ఆఖరి ప్రశ్న నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. మాతృసంస్థ స్వదేశంలో, అంటే దక్షిణ కొరియాలో, ఇలాంటి ప్రమాదం జరిగితే అక్కడి చట్టం ఏమంటుందో ఎవరైనా చెప్పగలరా? మన ఊళ్ళో ఒక ప్రమాణం, వారి ఊళ్ళో మరొక ప్రమాణం ఉంటే అది తెలుసుకోవడం అవసరం.

జవాబు: కొరియాలో పనిచేస్తున్న భద్రతా ఇంజనీరు

విశాఖ దుర్ఘటన జరిగిన మరుసటి ఏడాదే, 2021 జనవరిలో, కొరియా పార్లమెంటు తీవ్ర ప్రమాదాల శిక్షా చట్టాన్ని ఆమోదించింది. విశాఖకూ దానికీ సంబంధం లేదు. స్వదేశంలోనే విద్యుత్ కేంద్రాల్లో, నిర్మాణ స్థలాల్లో కార్మికులు చనిపోతుంటే, వారి కుటుంబాలు చేసిన పోరాటం వల్ల అది వచ్చింది. 2022 జనవరి 27 నుంచి అమలవుతోంది. కార్మికుడు చనిపోతే సంస్థను నడిపే అత్యున్నత వ్యక్తికి ఏడాదికి తగ్గని జైలుశిక్ష గాని, వంద కోట్ల వాన్ (కొరియా కరెన్సీ) వరకు జరిమానా గాని పడవచ్చు. సంస్థకు ఐదు వందల కోట్ల వాన్ వరకు వేరే జరిమానా ఉంటుంది.

శిక్ష ఎంత అన్నదానికంటే బాధ్యతను ఎలా నిర్వచించారన్నది ముఖ్యం. ఆ రాత్రి వాల్వు ఎవరు తిప్పారని ఆ చట్టం అడగదు. భద్రతకు సరిపడా బడ్జెట్ కేటాయించారా, తగినంతమంది సిబ్బందిని నియమించారా, ఆ ఏర్పాటు పనిచేస్తోందో లేదో ఆరు నెలలకు ఒకసారైనా పరిశీలించారా అని సంస్థ అధిపతిని అడుగుతుంది. న్యాయవాది గారు చెప్పిన దూరం ఇక్కడ చాలావరకు తగ్గిపోతుంది, ఎందుకంటే బడ్జెట్ నిర్ణయం ఆ అధిపతి పని కాదని ఎవరూ అనలేరు. మా కర్మాగారంలో ఈ చట్టం వచ్చిన తరువాత కనిపించిన మార్పు ఏమిటంటే, భద్రతా విభాగం పంపిన కొనుగోలు ప్రతిపాదనను తిరస్కరించే అధికారి ఇప్పుడు కారణం రాసి సంతకం చేయవలసి వస్తోంది. అంతకుముందు ఆ తిరస్కరణ ఫోనులో జరిగిపోయేది.

లోపాలు లేవని అనను. శిక్ష పడిన చాలా కేసుల్లో దానిని అమలు చేయకుండా నిలిపివేస్తున్నారు. అయినా ఒక ఉక్కు సంస్థ అధిపతికి పడిన ఏడాది జైలుశిక్షను 2023 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 2024 జూన్‌లో హ్వాసంగ్‌లోని లిథియం బ్యాటరీల కర్మాగారంలో 23 మంది చనిపోయారు. ఆ సంస్థ అధిపతికి 2025 సెప్టెంబరులో, అంటే పదిహేను నెలల్లో, కింది కోర్టు పదిహేనేళ్ళ శిక్ష విధించింది. పైకోర్టుల్లో ఏమవుతుందన్నది వేరే విషయం. తీర్పు వచ్చేనాటికి బాధితుల కుటుంబాలు ఇంకా నిలబడి వినగలిగే స్థితిలో ఉన్నాయి. భోపాల్‌లో ఆ పాటి న్యాయం కూడా జరగలేదు.

జవాబు: విజయవాడ న్యాయవాది

విశ్రాంత అధికారి గారు నన్ను సరిదిద్దినందుకు సంతోషంగా ఉంది. ఐపీసీ వెంట పడి కర్మాగారాల చట్టాన్ని వదిలేయడం మా వృత్తిలో ఉన్న అలవాటే. కొరియా చట్టం లాంటిది మనకు రావాలని నేనూ కోరుకుంటాను. అది వచ్చేలోగా ఆర్.ఆర్. వెంకటాపురం వారు, పాశమైలారం వారు, రసాయన కర్మాగారాల పక్కన ఉంటున్న ఇతర ఊళ్ళవారు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

బాధిత కుటుంబం తన సొంత న్యాయవాదిని పెట్టుకొని, కోర్టు అనుమతితో, ప్రాసిక్యూషన్‌కు సహకరించవచ్చు. అభియోగాన్ని తగ్గించాలని నిందితులు పిటిషన్ వేసిన రోజున ఆ న్యాయవాది కోర్టులో ఉండడం చాలా అవసరం. 304 రెండో భాగం నిలుస్తుందా, పోతుందా అన్నది ఆనాడే తేలిపోతుంది. నిందితులను విడుదల చేసినా, తక్కువ నేరానికే శిక్షించినా అప్పీలు చేసుకునే హక్కు బాధితులకు 2009 నుంచి ఉంది. పర్యావరణ పరిరక్షణ చట్టం 19వ సెక్షన్ కింద అరవై రోజుల నోటీసు ఇచ్చి ఏ పౌరుడైనా ఫిర్యాదు చేసే వీలుండేది. జన్ విశ్వాస్ సవరణల తరువాత ఏ ఉల్లంఘన కోర్టుకు వెళుతుందో, ఏది జరిమానా విధించే అధికారి ముందుకు వెళుతుందో చూసుకొని అడుగు వేయాలి. హరిత ట్రిబ్యునల్‌కు తనంతట తానుగా కేసు చేపట్టే అధికారం ఉందని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి పత్రికలో వచ్చిన వార్త, ఊరివారు రాసిన లేఖ కూడా అక్కడ పనికివస్తాయి.

ప్రమాదం జరగకముందే చేయవలసింది మరొకటి ఉంది. ప్రమాదకర రసాయనాల నిబంధనలు 1989లో వచ్చాయి. వాటి ప్రకారం పెద్ద పరిమాణంలో ఇలాంటి రసాయనాలు నిల్వ చేసే కర్మాగారం ఆవరణ లోపలి అత్యవసర ప్రణాళికను సిద్ధం చేసుకొని ఆరు నెలలకు ఒకసారి మాక్ డ్రిల్ జరపాలి. ఆవరణ వెలుపలి ప్రణాళికను అధికారులు తయారుచేసి ఏడాదికి ఒకసారి డ్రిల్ జరపాలి. ప్రమాదం జరిగితే ఏమి చేయాలో చుట్టుపక్కల వారికి ముందే తెలియజేయాలి. మీ ఊరి కర్మాగారం విషయంలో ఈ మూడూ జరిగాయా అని సమాచార హక్కు చట్టం కింద కర్మాగారాల శాఖనూ, కలెక్టరు కార్యాలయాన్నీ అడగండి. ఆక్యుపయర్‌గా నమోదైన డైరెక్టరు పేరు, చివరి తనిఖీ తేదీ, అందులో ఎత్తిచూపిన లోపాలు, వాటిని సరిదిద్దినట్టు కంపెనీ ఇచ్చిన జవాబు కూడా అదే దరఖాస్తులో కోరండి. ప్రమాదం జరిగిన తరువాత పైవారికి విషయం తెలుసునని రుజువు చేయడానికి మేము ఏళ్ళ తరబడి వెతికే కాగితాలు ఇవే. దరఖాస్తు నమూనా కావలసిన వారు ఇక్కడే రాస్తే, వారి జిల్లాకు తగినట్టు తయారుచేసి పెడతాను.